నా ట్రంకు పెట్టెలో పద్నాలుగు కార్లు



ప్రతిసారీ ఈ గోడ మీద కథలు, పొడుపు కథలు, మంచి మాటలు రాస్తుంటాం. ఈసారి ఎడిటర్ అన్న నాకు మూడు చార్టులు ఇచ్చి, "నీకు బాగా తెలిసిన దాని గురించి రాయిరా" అన్నాడు. నాకు బాగా తెలిసింది కార్లు. ఎక్కి తిరిగిన కార్లు కావు, అరచేతిలో పట్టే కార్లు. నాలుగో తరగతి నుంచి వాటిని కూడబెడుతున్నా. ఇప్పుడు తొమ్మిదికి వచ్చినా.

మన హాల్లో చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది. "సెలవులకు ఊరికి పోను బస్సు చార్జీలకే లెక్క చూసుకుంటాం. రోల్స్ రాయిస్ గొప్పదా, బెంజి గొప్పదా అని నీకెందుకప్పా?" ఈ మాటకు నోటితో జవాబు చెప్తే నవ్వుతారు. అందుకే చార్టు మీద రాస్తున్నా. నవ్వాలనుకున్నోళ్లు చివరిదాకా చదివి నవ్వండి.

పెట్టెలో ఏమున్నాయి?

మొత్తం పద్నాలుగు. లోహంతో చేసినవి ఐదు, ప్లాస్టిక్‌వి ఆరు, చేత్తో చేసినవి మూడు. ఒక్కటి కూడా పెద్ద షాపులో కొన్నది కాదు.

మాది సుగాలి తాండా. వాన రాక చెనిక్కాయ పంట పోయిన ఏడు మా తాండాలో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. కొందరు బెంగళూరుకు, కొందరు కేరళకు పోతారు. మా నాయన బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు దగ్గర వాచ్‌మన్. పై ఇండ్లలో పిల్లలు పెద్దవాళ్లయితే, వాళ్ల అమ్మలు ఆటవస్తువులు చెత్తలో వేసే ముందు "మీ పిల్లోడికి తీసుకుపో" అంటారంట. నాయన ఉగాదికి వచ్చేటప్పుడు బ్యాగు అడుగున వాటిని పాత లుంగీలో చుట్టి తెస్తాడు. ఒకదానికి చక్రం ఉండదు, ఒకదానికి అద్దం ఉండదు. నాకు అవే గొప్ప.

అట్ల వచ్చినవాటిలో ఒకటి మాత్రం అన్నిటికంటే పాతది. పెయింటు సగం లేచిపోయింది. అడుగున తిప్పి చూస్తే ఇంగ్లీషు అక్షరాల్లో 'లెస్నీ' అని, 'మేడ్ ఇన్ ఇంగ్లాండ్' అని, 'రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో' అని ఉంది. నంబరు 24. దాన్ని చూసినాకే నాకు ఈ పిచ్చి పెరిగింది.

ప్లాస్టిక్‌వి తిరునాళ్లలో కొన్నవి. ఫాల్గుణ మాసంలో కదిరి తేరుకు పోతే, తేరు వీధి పక్కన కింద పట్టాలు పరిచి అమ్ముతుంటారు. వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే తెల్ల అంబాసిడర్ అక్కడిదే. నలభై రూపాయలు. ఒక పసుప్పచ్చ ఆటో కూడా ఉంది. చన్నపట్న లక్క రంగు వేసిన కొయ్య కారు ఒకటి నాయన మైసూరు దారిలో కొన్నాడు. అది చేత్తో చేసింది కాబట్టి దాన్ని చేతిపని లెక్కలో వేసినా. చేతిపనివి ఇంకా రెండున్నాయి. ఒకటి పాలపొడి డబ్బా రేకుతో మా పెదనాయన కొడుకు చేసిన లారీ, దానికి తెగిపోయిన హవాయి చెప్పు కోసి చక్రాలు. ఇంకోటి మా తాత జొన్న బెండుతో చేసిన ఎద్దుల బండి. అది కారు కాదు కదా అని కొందరన్నారు. నా పెట్టె, నా లెక్క!

చిన్నది చేయడం కూడా ఒక లెక్కే

నిజం కారును ఎంత తగ్గిస్తే బొమ్మ అవుతుందో చెప్పేదాన్ని స్కేలు అంటారు. మన జామెట్రీలో నిష్పత్తి పాఠం చదివినోళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1:64 అంటే బొమ్మ మీద 1 సెంటీమీటరు, నిజం కారు మీద 64 సెంటీమీటర్లు. అంబాసిడర్ పొడవు సుమారు 432 సెంటీమీటర్లు. 64తో భాగిస్తే ముప్పావు తక్కువ ఏడున్నర, అంటే 6.75. అదే కారు 1:43లో చేస్తే 10 సెంటీమీటర్లు. 1:18లో చేస్తే 24 సెంటీమీటర్లు, మన అడుగు స్కేలులో ముప్పాతిక కంటే కొంచెం ఎక్కువ.

ఈ 43 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. ఇంగ్లాండులో మెకానో అనే కంపెనీ బొమ్మ రైళ్లు చేసేది. ఆ రైళ్లకు నిజంలో ఒక అడుగుకు బొమ్మలో 7 మిల్లీమీటర్లు అని కొలత. ఒక అడుగంటే దాదాపు 305 మిల్లీమీటర్లు. 7తో భాగిస్తే 43న్నర. రైలు స్టేషను పక్కన పెట్టుకోవడానికి ఆ కొలతకు దగ్గరగా చిన్న కార్లు చేసినారు. 1934 నుంచి వాటికి డింకీ టాయ్స్ అని పేరు. రైలు పోయినా కొలత మిగిలింది. ఇప్పటికీ ప్రపంచంలో కార్లు కూడబెట్టేవాళ్లలో చాలామంది 1:43నే వాడతారు.

లెస్నీ కథ ఇంకా బాగుంటుంది. జాక్ ఓడెల్ అనే ఆయన ఆ కంపెనీలో భాగస్వామి. ఆయన కూతురు చదివే బడిలో ఒక రూలు ఉండేదంట: అగ్గిపెట్టెలో పట్టే ఆటవస్తువైతేనే బడికి తెచ్చుకోవచ్చు. ఆయన ఇత్తడితో చిన్న రోడ్డు రోలరు చేసి, అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చినాడు. మిగతా పిల్లలంతా మాకూ కావాలన్నారు. అట్ల 1953లో 'మ్యాచ్‌బాక్స్' బొమ్మలు మొదలైనాయి. మ్యాచ్‌బాక్స్ అంటే అగ్గిపెట్టే కదా! వార్డెన్ సార్ గమనించాలని మనవి: రూలు ఉన్నచోట కూడా దారి ఉంటుంది.

లోహం బొమ్మను ఎట్ల చేస్తారంటే, జింకు ఎక్కువగా కలిసిన మిశ్రమలోహాన్ని కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. దాన్నే డై కాస్టింగ్ అంటారు. జింకు సుమారు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇనుముకు 1500 దాటాలి. అందుకే బొమ్మలకు జింకు సులువు. అయితే దాంట్లో సీసం కొంచెం ఎక్కువ కలిసినా బొమ్మ కొన్నేండ్లకు లోపల్నుంచి పగుళ్లు పట్టి పొడి పొడి అవుతుంది. పాత డింకీ కార్లు కొన్ని అట్లనే పాడైపోయినాయి. బయట ఎంత మెరుపున్నా లోపల కల్తీ ఉంటే నిలవదని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంకొక రహస్యం. నా సిల్వర్ షాడో బొమ్మను స్కేలుతో కొలిస్తే 7.6 సెంటీమీటర్లు. నిజం కారు 517 సెంటీమీటర్లు. భాగిస్తే 68 వస్తుంది, 64 కాదు. ఎందుకంటే ఇట్లాంటి బొమ్మలను పెట్టెలో పట్టేటట్టు చేస్తారు. పెద్ద కారును ఎక్కువ తగ్గిస్తారు, చిన్న కారును తక్కువ తగ్గిస్తారు. అందుకే పెట్టెలో మారుతి 800, రోల్స్ రాయిస్ పక్కపక్కన పెడితే దాదాపు సమానంగా కనిపిస్తాయి. నిజం కొలతతో 1:64లో చేస్తే మారుతి 5.2 సెంటీమీటర్లే ఉండాలి. రోడ్డు మీద ఎప్పుడూ సమానం కానివి నా ట్రంకు పెట్టెలో సమానమైనాయి!

ఏ కారు ఎంత గొప్పది?

బొమ్మలు సమానమైతే ఇక గొప్పతనం ఎట్ల తెలుస్తుంది? దీనికి నేను నోటుబుక్కులో ఐదు ప్రశ్నలు రాసుకున్నా. ఒక్కోదానికి పది మార్కులు. ఒకటి, లోపల కూర్చుంటే శబ్దం ఎంత తక్కువ? రెండు, కుదుపు ఎంత తక్కువ? మూడు, చేతిపని ఎంత? నాలుగు, ఎన్ని తక్కువ చేసినారు? ఐదు, దాంట్లో కనిపెట్టిన మంచి విషయం తర్వాత మామూలు కార్లలోకి దిగివచ్చిందా?

ముందు రోల్స్ రాయిస్. రోల్స్, రాయిస్ ఇద్దరు మనుషులు. 1904లో మాంచెస్టరులో కలిసినారు. రోల్స్ డబ్బున్న ఇంటి బిడ్డ. రాయిస్ పేదింట్లో పుట్టి, చిన్నప్పుడు పేపర్లు అమ్మినోడు. కార్లు తయారుచేసింది రాయిస్. వాళ్ల సిల్వర్ ఘోస్ట్ కారును 1907లో పరీక్షకు పెట్టి, లండన్‌కూ గ్లాస్గోకూ మధ్య తిప్పుతూ దాదాపు 15 వేల మైళ్లు నడిపినారు. ఘోస్ట్ అంటే దయ్యం. చప్పుడు లేకుండా వస్తుందని ఆ పేరు. అప్పట్లో రోల్స్ రాయిస్ వాళ్లు ఛాసిస్, ఇంజను మాత్రమే ఇచ్చేవాళ్లు. పైన బాడీ వేరే కంపెనీలు కట్టేవి. ఇది మనకు కొత్త కాదు. లారీ ఛాసిస్ కొనుక్కొచ్చి విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకోవడం మన లారీ డ్రైవర్లందరికీ తెలుసు. నా మార్కులు 39.

ఈ సిల్వర్ ఘోస్ట్ ఒకటి మన తెలుగు నేల మీదనే ఉంది. హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని ఆర్డరు ఇచ్చినాడు. కారు రాకముందే 1911లో ఆయన చనిపోయినాడు. 1912 నాటి ఆ కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు వచ్చింది. పసుప్పచ్చ రంగు, పైన గుమ్మటం, వెనక సింహాసనం లాగ ఎత్తయిన సీటు. ఊరేగింపులకు తప్ప తీయలేదు కాబట్టి నాలుగొందల మైళ్లు కూడా తిరగలేదంటారు. చౌమహల్లా ప్యాలెసులో పెట్టినారు. ఆలోచించండి మిత్రులారా. మన ఊరి ఆటో రెండు మూడు రోజుల్లో తిరిగే దూరం అది!

తర్వాత బెంట్లీ. 1919లో మొదలైంది. ఇది నెమ్మదిగా పోయే రాజుల కారు కాదు, పందెం కారు. ఫ్రాన్సులో ల మాన్ అనే చోట 24 గంటల పందెం జరుగుతుంది. దాన్ని బెంట్లీ 1924లో ఒకసారి, 1927 నుంచి 1930 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచింది. అంత గెలిచినా డబ్బు లేక 1931లో రోల్స్ రాయిస్ చేతికి పోయింది. ఆ తర్వాత చాలా ఏండ్లు రెండు కార్లూ ఒకే శరీరం, ముందు మూతి మాత్రం వేరు. 30 మార్కులు.

బెంజి. కార్ల్ బెంజ్ 1886లో పెట్రోలు బండికి పేటెంటు తీసుకున్నాడు. మెర్సిడెస్ అనేది ఇంకో కంపెనీ కార్లకు పెట్టిన పేరు, ఆ కార్లు అమ్మే యెల్లినెక్ అనే ఆయన కూతురి పేరు అది. ఆ రెండు కంపెనీలు 1926లో కలిసినాయి. 1963లో వచ్చిన బెంజి 600లో అద్దాలు దించాలన్నా, సీటు జరపాలన్నా మోటార్ల చప్పుడు ఉండకూడదని, అన్నిటికీ నూనె ఒత్తిడితో పనిచేసే గొట్టాలు పెట్టినారు. జేసీబీ చెయ్యి లేచేది కూడా ఆ సూత్రంతోనే. స్ప్రింగుల బదులు గాలి సస్పెన్షన్. కుదుపు దగ్గర దీనికి పదికి పది. మొత్తం 41. నా లిస్టులో మొదటి ర్యాంకు ఇదే. రోల్స్ రాయిస్ పార్టీ వాళ్లు నాతో రాత్రి స్టడీ అవర్ అయినాక వాదించొచ్చు.

అమెరికా క్యాడిలాక్. దీని గొప్ప వేరే. 1908లో ఇంగ్లాండులో మూడు క్యాడిలాక్ కార్లను ముక్కముక్కలుగా విప్పి, భాగాలన్నీ కలిపేసి, మళ్లీ మూడు కార్లుగా బిగించినారు. మూడూ స్టార్టయి 500 మైళ్లు నడిచినాయి. అప్పట్లో ఒక కారు భాగం ఇంకో కారుకు పట్టేది కాదు, ఆకురాయితో రాకి సరిచేయాల్సి వచ్చేది. 1912లో క్యాడిలాక్ కరెంటుతో స్టార్టయ్యే ఏర్పాటు తెచ్చింది. అంతకుముందు ముందర హ్యాండిల్ తిప్పాలి. అది ఎదురు తిరిగితే చెయ్యి విరిగేది. ఈరోజు మన ఊరి ఆటో కూడా బటన్‌తో స్టార్టవుతుందంటే ఆ పుణ్యంలో క్యాడిలాక్‌కు భాగముంది. ఐదో ప్రశ్నకు పదికి పది. మొత్తం 35.

ఇక బుగాటి రాయల్. రాజుల కోసమే అని ఫ్రాన్సులో చేసిన కారు. పొడవు ఆరు మీటర్లు దాటుతుంది. ఇంజను 12 లీటర్లకు పైనే. పాతిక చేద్దామనుకున్నారు. 1929 తర్వాత ప్రపంచమంతా డబ్బు కరువు. ఆరే చేసినారు. వాటిలో మూడే అప్పట్లో అమ్ముడుపోయినాయి. మిగిలిన ఇంజన్లు ఏం చేయాలి? రైలు పెట్టెలకు బిగించినారు! 1933 నుంచి ఫ్రాన్సులో మామూలు జనం టికెట్టు కొని, రాజుల కోసం చేసిన ఇంజనుతో ప్రయాణం చేసినారు. నాకు ఈ కారు కంటే ఆ రైలంటేనే ఎక్కువ ఇష్టం. 37 మార్కులు.

చివరగా మన అంబాసిడర్. ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చుతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు చేసినారు. 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయింది. నా లెక్కలో 15 మార్కులే. కానీ మన జిల్లాలో ఒకప్పుడు అంతకు మించిన కారు లేదు. ఎందుకు? పైన ఎర్ర బుగ్గ. బుగ్గ కారు వస్తే రోడ్డు మీద గొర్రెల మంద కూడా పక్కకు పోవాల్సిందే. అదే అంబాసిడర్ బుగ్గ లేకుండా బస్టాండులో నిలబడితే టాక్సీ. కారు ఒక్కటే, గొప్ప బుగ్గది. 2017 మే 1 నుంచి మంత్రులు, అధికారుల కార్లకు ఎర్ర బుగ్గలు తీసేసినారు. కాబట్టి మిత్రులారా, హోదా వేరు, సుఖం వేరు. హోదా బయట నిలబడి చూసేవాడికి కనిపిస్తుంది. సుఖం లోపల కూర్చున్నవాడి నడుముకు తెలుస్తుంది.

రోడ్డు ఎవరికి తగులుతుంది?

పైన రాసినవన్నీ కలిపి చూస్తే నాకు ఒకటే అర్థమైంది. గొప్ప కారు అంటే లోపల ఉన్న మనిషికి రోడ్డు తగలకుండా చేసేది. చప్పుడు, దుమ్ము, ఎండ, రాయి, గుంత ఇవేవీ మనిషి దాకా రానీయకూడదు. దానికోసమే అన్ని స్ప్రింగులు, అన్ని గొట్టాలు, అంత తోలు, అంత చేతిపని.

మనకు ఈ సంగతి వాళ్లకంటే బాగా తెలుసు. ఎందుకంటే మనకు రోడ్డు తగులుతుంది. చెనిక్కాయ మూటల లారీ మీద కూర్చుని పోయినోళ్లకు తెలుసు. ట్రాక్టరు ట్రాలీలో పెండ్లికి పోయినోళ్లకు తెలుసు. ట్రాలీకి స్ప్రింగులు ఉండవు. ఇరుసు మీద నేరుగా బాడీ. రాయి ఎక్కితే ఆ దెబ్బ పండ్ల దాకా వస్తుంది.

పోయిన సంవత్సరం కార్తీకంలో మా అవ్వ గుడిసె ముందర జారి పడింది. తుంటి ఎముక విరిగింది. మేము తాండాలో 'దాది' అంటాం. 108కు ఫోను చేసినాం. మన అనంతపురానికి వాన రావడమే అరుదు, దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మనదీ ఒకటని సోషల్‌లో చదువుకున్నాం. కానీ వచ్చిన రోజు ఒక్కసారే వస్తుంది. ఆ ముందు రాత్రి వానకు వంక పారి మా మట్టిదారి తెగిపోయింది. 108 తారు రోడ్డు మీదనే ఆగాల్సి వచ్చింది. తాండా నుంచి అక్కడికి నాలుగు కిలోమీటర్లు.

ట్రాలీలో వరిగడ్డి పరిచి, దాని మీద బొంతలు వేసి, దాదిని పడుకోబెట్టినాం. నేను తల దగ్గర కూర్చున్నా. ఆమె నా చెయ్యి పట్టుకుంది. మా దాది చేతుల నిండా మోచేతి దాకా తెల్ల గాజులుంటాయి. రాయి వచ్చిన ప్రతిసారీ ఆమె గట్టిగా పట్టేది, గాజులు నా మణికట్టు మీద ఒత్తుకునేవి. అరవలేదు. మా దాది అరిచే మనిషి కాదు. డ్రైవరు మామ ఎద్దుల బండి కంటే నెమ్మదిగా తోలినాడు. అయినా రాళ్లు రాళ్లే కదా. నాలుగు కిలోమీటర్లకు గంట పైనే పట్టింది.

తారు రోడ్డు మీద 108 లోకి మార్చినారు. స్ట్రెచర్ మీద బెల్టులు కట్టినారు. బండి కదిలింది. కొంచెం దూరం పోయినాక దాది పట్టు వదులైంది. చూస్తే కండ్లు మూసుకుని ఉంది. భయమేసి పిలిచినా. "ఊఁ" అనింది. అంతే. నా మణికట్టు మీద గాజుల అచ్చులు రాత్రి దాకా పోలేదు.

అనంతపురంలో ఆపరేషన్ చేసినారు. ఇప్పుడు కర్ర పట్టుకుని మేకల దొడ్డి దాకా నడుస్తుంది.

హాస్టలుకు వచ్చినాక నోటుబుక్కులో ఆరో ప్రశ్న చేర్చినా: కుదుపు తగ్గింది ఎవరికి? ఆ మనిషికి అది ఎంత అవసరం? నిజాం సింహాసనం కారుకు ఈ ప్రశ్నలో ఎన్ని మార్కులు వేయాలో మీరే చెప్పండి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 బండికి నేను పదికి పది వేసినా. అది తోలు సీట్ల బండి కాదు. దాని ఇంజను చప్పుడు చేస్తుంది. కానీ విరిగిన ఎముకకూ రోడ్డుకూ మధ్య నాలుగు మంచి స్ప్రింగులు ఉంటే, అంతకంటే గొప్ప కారు ఆ గంటలో భూమి మీద ఉండదు.

మా పెద్దలూ బండ్ల వాళ్లే

కొందరు అంటారు, గిరిజనులకు కార్లతో ఏం సంబంధమని. మా సుగాలీల పెద్దలు రవాణా చేసినోళ్లే. వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగినారు. మొగలుల సైన్యాలకు కూడా ధాన్యం చేరవేసింది బంజారాలే. ఆ రోజుల్లో లారీ యూనియన్ అంటే మా వాళ్లే అనుకోండి! తర్వాత ఇంగ్లీషు వాళ్ల రోడ్లు, రైళ్లు వచ్చినాయి. మద్రాసు నుంచి గుత్తి మీదుగా పోయే రైలు దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. అదే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. తిరిగి బతికే జాతులను ఎన్నింటినో ఆ చట్టం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. 1952లో గానీ అది పోలేదు. ఒకపక్క పని పోయింది, ఇంకోపక్క పేరు పోయింది. తాత చేసిన జొన్న బెండు బండిని నా పెట్టెలో రోల్స్ రాయిస్ పక్కన ఎందుకు పెట్టినానో ఇప్పుడు అర్థమైందా?

ఇప్పుడు కార్లే మన దగ్గరికి వచ్చినాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. 2019లో అక్కడినుంచి సెల్టోస్ అనే కారు మార్కెట్టుకు వచ్చింది. 2023 జూలైలో పది లక్షలో కారు బయటికి వచ్చింది. 2022లో జిల్లాలు విడగొట్టినాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మన పీఠభూమి మీదనే కదా! ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న ఊరి పక్కన ఇప్పుడు రోబోలు కారు రేకులు వెల్డింగు చేస్తాయి. బెంగళూరు రోడ్డు మీద పొడవాటి కంటైనర్ లారీలు పోతుంటే, వాటిలో కార్లున్నాయని తెలిసి నేను లెక్కపెట్టుకుంటూ నిలబడతా.

ఆ కార్లను ఎవరో గీసినారు. ఎవరో స్ప్రింగు ఎంత మెత్తగా ఉండాలో లెక్క వేసినారు. ఆ లెక్క మన ఫిజిక్సులోనే ఉంది. మన దారుల్లో రాళ్లు ఎంతుంటాయో తెలిసినోడు ఆ లెక్క వేస్తే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. వరిగడ్డి పరిచిన ట్రాలీలో కూర్చున్నోడికి కుదుపు అంటే ఏమిటో పుస్తకం చెప్పాల్సిన పని లేదు. హైదరాబాదులో సుధాకర్ అనే ఆయన చదువుకునే రోజుల నుంచే పాత ఇనుముతో బండ్లు చేస్తూ, వంకాయ ఆకారంలో, బూటు ఆకారంలో కూడా నడిచే కార్లు తయారుచేసి బహదూర్‌పురాలో మ్యూజియం పెట్టినాడు. ఆయన 2005లో చేసిన మూడు చక్రాల సైకిలు 41 అడుగుల పైన ఎత్తు, గిన్నిసు రికార్డు. మన ఎక్స్‌కర్షన్ ఈసారి హైదరాబాదుకైతే చౌమహల్లా, సుధా కార్ మ్యూజియం రెండూ చూపించమని సార్లను కోరుతున్నా.

కూటికి పేదైతే తెలివికి పేదా? రోల్స్ రాయిస్ కొనడం వేరు, అది ఎందుకు ఊగదో తెలుసుకోవడం వేరు. మొదటిదానికి డబ్బు కావాలి. రెండోదానికి పన్నెండంగుళాల స్కేలు, ఒక నోటుబుక్కు, కొంచెం ఓపిక చాలు. "నీకెందుకప్పా" అన్నవాళ్లకు నా జవాబు ఇదే.

ఒక మనవి

నా దగ్గర 108 బొమ్మ లేదు. తిరునాళ్లలో వెతికినా, దొరకలేదు. కాబట్టి మనమే చేద్దాం. నిజం బండి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలుచుకోవాలి. ఈసారి హెల్త్ క్యాంపుకు వచ్చినప్పుడు డ్రైవరు అన్నను అడిగి కొలుద్దాం. ఆ కొలతలను 43తో భాగిద్దాం. రేకు కోసే కత్తెర వర్క్ ఎక్స్‌పీరియన్స్ సార్ దగ్గర ఉంది. వంటశాల అక్కలు ఖాళీ నూనె డబ్బా ఒకటి ఇస్తే చాలు. తెగిన హవాయి చెప్పులు ఎవరూ పారేయొద్దు, చక్రాలకు పనికొస్తాయి. పెన్ను స్ప్రింగులు నాలుగు కావాలి. ఒకే రకానివి అయితే మంచిది, లేకపోతే బండి ఒక పక్కకు ఒరుగుతుంది.

వార్డెన్ సార్ ఒప్పుకుంటే, సైన్సు రూములో కిటికీ పక్క అర ఒకటి ఖాళీగా ఉంది. పద్నాలుగు కార్లూ అక్కడ పెడతా. ఒక్కో దాని కింద చీటీ అంటించి కంపెనీ పేరు, సంవత్సరం, స్కేలు, మార్కులు రాస్తా. చిన్న తరగతుల తమ్ముళ్లు చేత్తో పట్టుకుని చూడొచ్చు. మార్కుల విషయంలో ఒప్పుకోని వాళ్లు కింద ఇంకో చీటీ మీద వాళ్ల లెక్క రాయొచ్చు. పదిహేనో చోటు 108కు వదిలిపెడతా.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి